దూరదేశంలో తొలిచూలు – ఇంటి దగ్గర మనం

(ఆరోగ్య అవగాహన కూటమిలో రోగుల కుటుంబాలవారికి ఇచ్చిన ప్రసంగ పాఠం)

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చర్చికి వచ్చేవాళ్లున్నారు, రానివాళ్లున్నారు.

ఈ రోజు విషయం నేను ఎంచుకున్నది కాదు, మీరే ఎంచుకున్నారు. మందులివ్వడానికి వార్డులోకి వెళ్తే మంచం మీద ఉన్న పెద్దాయన గురించి అడగవలసిన అమ్మ, నా చెయ్యి పట్టుకుని, “సిస్టర్, మా పిల్లకి అమెరికాలో ఆరో నెల, కాళ్లు వాస్తున్నాయంట, ఫరవాలేదా?” అని అడుగుతుంది. పరిటాల, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట – ఈ రోడ్డు పొడుగునా ఏ ఊరు తీసుకున్నా పిల్లలు పైదేశాల్లో ఉన్న ఇళ్లున్నాయి. మిర్చి, పత్తి అమ్మి చదివించాం, పెళ్లి చేసి పంపాం. మొదటి కాన్పు పుట్టింట్లో చెయ్యడం మన ఆచారం. ఇప్పుడు పుట్టిల్లు ఇక్కడ, కడుపుతో ఉన్న పిల్ల అక్కడ. మనకి తెల్లవారి ఆరు గంటలైతే డాలస్‌లో వేసవికాలమప్పుడు ముందురోజు రాత్రి ఏడున్నర. మనం ప్రార్థన చేసుకుని లేచే వేళకి ఆ పిల్ల రాత్రి అన్నానికి కూర్చుంటుంది.

దూరదేశంలో మొదటి బిడ్డ కోసం ఎదురుచూడడం కొత్త సంగతి కాదు. మోషే మిద్యాను దేశంలో పరదేశిగా ఉన్నప్పుడే అతనికి కొడుకు పుట్టాడు. ఆ బిడ్డకు గెర్షోము అని పేరు పెట్టాడు. పరాయి దేశంలో పరదేశినయ్యాననే బాధ ఆ పేరులోనే ఉంది. సంతోషం పొంగే రోజున కూడా ఊరు గుర్తుకొచ్చింది ఆయనకి. మరియమ్మ నజరేతు వదిలి బేత్లెహేములో కన్నది. అంతకుముందు, కడుపులో బిడ్డ పడ్డ కొత్తల్లో, ఆమె పెద్దదైన ఎలీసబెతు ఇంటికి వెళ్లి సుమారు మూడు నెలలు ఉంది. నాకు ఆ మూడు నెలల మాట చాలా ఇష్టం. దేవదూత వచ్చి చెప్పిన బిడ్డే అయినా, ఆ పిల్లకి పక్కన ఒక పెద్ద ఆడది కావలసి వచ్చింది.

మన ప్రాంతంలోనే ఇంకో సంగతి. 1841లో ఇంగ్లండు నుంచి హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అనే ఇద్దరు మిషనరీలు ఓడలో మద్రాసు చేరి, అక్కడి నుంచి మచిలీపట్నం పనికి వచ్చారు. నోబుల్ గారి పేరు బందరు కాలేజీ వల్ల అందరికీ తెలుసు. ఫాక్స్ గారి భార్య ఎలిజబెత్‌కి పెళ్లయి కొద్ది నెలలే. నెలల తరబడి సాగిన ఆ సముద్ర ప్రయాణంలో ఆమె కడుపుతో ఉంది. ఆ సంవత్సరమే ఈ దేశంలో మగబిడ్డను కన్నది. ఆ బిడ్డ పెద్దవాడై చర్చి మిషనరీ సొసైటీకి కార్యదర్శి అయ్యాడు. తల్లి మాత్రం 1845లోనే చనిపోయింది. ఆ రోజుల్లో ఇంటికి ఉత్తరం రాస్తే జవాబు రావడానికి నెలలు పట్టేది. ఆమె తల్లి అక్కడ ఎలా ఎదురుచూసి ఉంటుందో ఆలోచించండి. మనకి ఫోన్లో ముఖం కనబడుతోంది. అది దేవుడిచ్చిన మేలే. కాని ఫోన్ చేతిలో ఉన్నంత మాత్రాన సరిపోదు, అందులో ఏం అడగాలో తెలియాలి.

మొదట అక్కడి లెక్క. వాళ్లు నెలలు లెక్కపెట్టరు, వారాలు లెక్కపెడతారు. చివరిసారి బయటచేరిన మొదటి రోజు నుంచి నలభై వారాలు. “ఎన్నో నెల?” అంటే పిల్ల తడుముకుంటుంది. “ఎన్నో వారం?” అని అడగండి. అమెరికాలో సాధారణంగా ఎనిమిది నుంచి పది వారాలు వచ్చాకే మొదటిసారి చూస్తారు. ఆ తర్వాత 28 వారాల వరకు నాలుగు వారాలకొకసారి, 36 వరకు రెండు వారాలకొకసారి, అక్కణ్ణుంచి వారం వారం రమ్మంటారు. ఇంగ్లండులో అంతా బాగుంటే డాక్టరు కాదు, మంత్రసాని నర్సులే చూస్తారు. మామూలుగా స్కానింగులు రెండే, 12వ వారం ప్రాంతంలో ఒకటి, 20వ వారం ప్రాంతంలో ఒకటి. ఇక్కడ నెలనెలా స్కానింగుకి అలవాటుపడ్డ మనం “ఆ డాక్టర్లు పట్టించుకోవడం లేదు” అని పిల్లను భయపెడుతున్నాం. అక్కడి పద్ధతే అంత. నిర్గమకాండంలో షిఫ్రా, పూయా అనే మంత్రసానుల పేర్లు రాయబడ్డాయి గాని, ఆ ఫరో పేరు రాయబడలేదు. నర్సు చూస్తే తక్కువ అనుకోకండి. (నవ్వకండి, నేను నర్సునని చెప్పడం లేదు!)

24 నుంచి 28 వారాల మధ్య షుగరు పరీక్ష చేస్తారు. మన దేశపు స్త్రీలకి గర్భంలో వచ్చే షుగరు ఎక్కువ. అది వచ్చిందంటే పిల్ల తప్పు చేసిందని కాదు. అన్నం కొలత తగ్గించి, పప్పు, కూర, గుడ్డు పెంచి, భోజనం తర్వాత నడిస్తే చాలామందికి అదుపులోకి వస్తుంది. కొందరికి ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్ బిడ్డకి హాని చెయ్యదు. కాబట్టి మనం పంపే సున్నుండల డబ్బా పంపేముందు ఆ పరీక్ష ఏమైందో అడగండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఈ ప్రాంతపు తల్లి ఒకామె, భర్తకి ఆపరేషనయి మా వార్డులో ఉన్నప్పుడు, రాత్రి డ్యూటీలో ఉన్న నా దగ్గరకొచ్చింది. కూతురికి ఎనిమిదో నెల. రెండు రోజులుగా తలనొప్పి తగ్గడం లేదంట, కళ్ల ముందు మెరుపుల్లా కనబడుతున్నాయంట, ఉంగరం వేలికి బిగిసిపోయిందంట. “దిష్టి తగిలింది సిస్టర్, సొంఠి పట్టు వేసుకోమన్నాను, ప్రార్థన చెయ్యండి” అంది. ప్రార్థన చేశాను, చాలా చిన్నది. ఆమెన్ అన్న వెంటనే ఆమె చేతే ఫోన్ చేయించి, “అమ్మా, ఈ రాత్రే ఆసుపత్రికి వెళ్లు, రేపటి అపాయింట్‌మెంట్ వరకు ఆగొద్దు” అని ఆ పిల్లతో చెప్పాను. అక్కడ బీపీ చాలా ఎక్కువ ఉందని అప్పుడే చేర్చుకున్నారు. మూడు రోజుల్లో బిడ్డను తీశారు. నెలలు నిండని బిడ్డ, అద్దాలపెట్టెలో కొన్ని వారాలు ఉంది. ఇద్దరూ క్షేమం. ఆ తల్లి “దేవుడు కాపాడాడు” అంది. అవును, కాపాడాడు. ఆసుపత్రికి వెళ్లడం ద్వారా కాపాడాడు. ప్రార్థన చేశాం కదా అని కూర్చోవడం విశ్వాసం కాదని నేను ఇరవై ఏళ్లుగా ఈ వార్డుల్లో చెబుతూనే ఉన్నాను.

అందుకే ఫోన్లో “అన్నం తిన్నావా” అన్న తర్వాత ఇవి అడగండి: తలనొప్పి తగ్గకుండా ఉందా? చూపు మసకగా ఉందా? ముఖం, చేతులు హఠాత్తుగా వాచాయా? పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి ఉందా? రక్తం గాని నీరు గాని పోతోందా? జ్వరం ఉందా? అరిచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు విపరీతంగా దురద పెడుతున్నాయా? ఈ దురద దద్దుర్లు లేకుండా వస్తే కాలేయానికి సంబంధించింది కావచ్చు, రక్తపరీక్ష కావాలి. అన్నిటికంటే, బిడ్డ ఎప్పటిలాగే కదులుతోందా? కదలికలు తగ్గితే రేపటిదాకా చూడకూడదు. సాయంత్రం కాళ్లు కొద్దిగా వాచి పొద్దున్నకి తగ్గితే కంగారు లేదు. బీపీ 140/90 దాటితే డాక్టరుకి చెప్పాల్సిందే. అత్యవసరమైతే అమెరికాలో 911, ఇంగ్లండులో 999, కువైటులో 112. మీ డైరీలో రాసుకోండి. అల్లుడికి తెలుసులే అనుకోకండి, కంగారులో ఎవరికీ ఏమీ గుర్తుండదు.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. మన దేశంలో 1994 చట్టం ప్రకారం పుట్టబోయేది ఆడో మగో చెప్పడం నేరం. అక్కడ చెబుతారు. పిల్ల సంతోషంగా ఫోన్ చేసి “అమ్మాయంట అమ్మా” అంటే, ఇక్కడ ఇల్లంతా ఒక్క నిమిషం మౌనమైపోతే ఆ పిల్లకి వినబడుతుంది. వేల మైళ్ల అవతల ఒక్కతే కూర్చుని ఆ మౌనం విన్న పిల్ల మరచిపోదు.

వెళ్లే తల్లులకు కొన్ని సంగతులు. వీసా కోసం హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటుకి వెళ్లాలి. ఇంటర్వ్యూకి తేదీ ఎప్పుడొస్తుందో చెప్పలేం, కాబట్టి పిల్ల నెల తప్పిందని ఖాయమైన వెంటనే ప్రయత్నం మొదలుపెట్టండి. ఎందుకు వెళ్తున్నారో అడిగితే నిజమే చెప్పండి. మీ బీపీ, షుగరు మాత్రలు సరిపడా, డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లండి. సందర్శకుల బీమాలు చాలావరకు పాత జబ్బులకు డబ్బు కట్టవు. కోరింతదగ్గు టీకా బిడ్డను చూడ్డానికి రెండు వారాల ముందే వేయించుకోండి. పిల్లకి కూడా 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు. “నేనే ఇక్కడికొచ్చి కంటాను” అని పిల్ల అంటే, 28 వారాలు దాటితే విమానంవాళ్లు డాక్టరు ఉత్తరం అడుగుతారు, 36 దాటితే చాలావరకు ఎక్కనివ్వరు.

అక్కడికి వెళ్లాక మన పెద్దరికం కొంచెం తగ్గించుకోవాలి. బిడ్డను వెల్లకిలా, విడిగా, గట్టి పరుపు మీద, దిండు, దుప్పటి లేకుండా పడుకోబెట్టమంటారు. నిద్రలో బిడ్డలు చనిపోకుండా చెప్పే మాట అది. చీర ఉయ్యాల కట్టలేదని అలగవద్దు. కారులో బిడ్డ సీటు లేకుండా ఇంటికి పంపరు. తేనె సంవత్సరం దాకా నాకించకూడదు, ఒక రకం విషక్రిమి ఉంటుంది. కంటి కాటుకలో సీసం ఉండవచ్చు, పెట్టొద్దు. ఎవరో నూరి ఇచ్చిన భస్మాలూ వద్దు. మన దగ్గర నుంచి తప్పకుండా తీసుకెళ్లవలసింది ఒకటుంది – ముర్రుపాలు పారబోయించకుండా పట్టించే ఓపిక. ఆరు నెలలు తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు. బాలింతకి నీళ్లు తగ్గించే పథ్యం మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్లండి. వెల్లుల్లి, మునగాకు, మెంతికూర పెట్టండి, ఎవరూ కాదనరు.

వీసా రానివాళ్లూ ఉన్నారు, వాళ్లే ఎక్కువ. సంపాదన కోసం గల్ఫులో ఇళ్లల్లో పనికి వెళ్లినవాళ్ల కుటుంబాలకి ఈ వీసా మాటలన్నీ వింటే నవ్వొస్తుంది కూడా. వెళ్లలేకపోతే మీరు తల్లిగా ఓడిపోయినట్టు కాదు. అమెరికా నగరాల్లో తెలుగు సంఘాలున్నాయి. కువైటులో కూడా తెలుగులో ఆరాధన జరుగుతుంది. పిల్లకి కడుపు వచ్చిన మొదటి నెలల్లోనే అలాంటి ఒక పెద్దమ్మనో అక్కనో దగ్గర చేసుకోమనండి. ఏ సంఘమైనా ఫరవాలేదు, మన డినామినేషనే కావాలని పట్టుబట్టకండి. రాత్రి రెండు గంటలకి నొప్పులొస్తే తలుపు తట్టగలిగిన మనిషి కావాలి. ఎలీసబెతు అంటే అర్థం నాకు అదే.

కాన్పు అయ్యాక మూడో రోజు ప్రాంతంలో చాలామంది బాలింతలు ఊరికే ఏడుస్తారు. రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదంటే, అది జబ్బు. ‘విశ్వాసం తక్కువైంది’ అని దయచేసి అనకండి. దానికి మందు ఉంది, మాట సాయం ఉంది. అమెరికాలో 2022 నుంచి తల్లుల కోసం పగలూ రాత్రీ పలికే ఉచిత ఫోను ఉంది, 1-833-852-6262. అరణ్యంలో ఒంటరిగా కూర్చున్న గర్భిణి హాగరు, తనను చూచుచున్న దేవుడున్నాడని తెలుసుకుంది. మన పిల్లకి ఆ సంగతి మనం చెప్పవచ్చు, చెప్పాలి కూడా. చెప్పి, ఆ నెంబరు కూడా ఇవ్వాలి.

బయట బల్ల దగ్గర బీపీ చూస్తున్నారు. పైదేశం వెళ్లే అమ్మలు, నలభై దాటినవాళ్లు ముందు రండి. పిల్ల ఎన్నో వారమో తెలియనివాళ్లు చివరిసారి బయటచేరిన తేదీ ఫోన్లో అడిగి రండి, నేను లెక్క కట్టి కాగితం మీద రాసిస్తాను.