విరిగిన పిస్టన్లు చెప్పిన పాఠం
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



"తప్పుల నుంచి నేర్చుకోవడం" గురించి నన్ను మాట్లాడమన్నారు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే మాస్టారిని. పాతికేళ్లకు పైగా పిల్లల జవాబు పత్రాల్లో ఎర్రసిరాతో తప్పులు దిద్దుతున్నాను. అందుకే ఈ అంశం నాకు ఇచ్చి ఉంటారు. అయితే ఈరోజు నేను చెప్పేది పిల్లల తప్పుల గురించి కాదు, నా తప్పు గురించి. ఈ సంచిలో రెండు విరిగిన పిస్టన్లు తెచ్చాను. నిజానికి మూడు తేవాలి. మొదటిది ఎందుకు తేలేకపోయానో కూడా చెబుతాను.

మా అక్క కొడుకు ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సు చేసి చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. కొన్నేళ్ల కిందట ఒక పాత మారుతి జెన్ కారు కొన్నాడు. 993 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 72 మిల్లీమీటర్ల బోరు. ఒక ఆదివారం "మామూ, దీనికి టర్బో పెడితే ఎలా ఉంటుంది?" అన్నాడు. వాడికంటే నాకే ఎక్కువ హుషారు వచ్చింది. పుస్తకంలో పాఠం చెప్పడమే గానీ, చేతులతో చేసే అవకాశం మాకెప్పుడొస్తుంది?

టర్బో అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతారు. అదే ఇరుసుకు రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు, బలం పెరుగుతుంది. ఆల్‌ఫ్రెడ్ బ్యూచి అనే స్విట్జర్లాండ్ ఇంజినీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక డీజిల్ కారు నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ టర్బో దొరికింది. మావాడు వెల్డింగ్ చేసి దాన్ని బిగించాడు. లెక్కలు నావి. మామూలు గాలి ఒత్తిడికి మరో అర బార్ కలుపుదాం, అప్పుడు గాలి ఒకటిన్నర రెట్లు అవుతుంది అన్నాను. "మరి పెట్రోలు సరిపోతుందా మామూ?" అని మావాడు అడిగాడు. "కంపెనీ కంప్యూటర్ ఉంది కదరా, గాలి ఎంతొస్తే అంత పెట్రోలు అదే కలుపుతుంది. నేను లెక్క వేశాను" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రెండు వారాలు కారు గాలిలో తేలినట్టు పోయింది. తర్వాత ఒక మధ్యాహ్నం హైవే మీద ఇంజిన్ లోపల గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు, వెంటనే నీలి పొగ. హెడ్ దింపి చూస్తే మూడో పిస్టన్‌లో రింగు కూర్చునే గట్టు విరిగిపోయి ఉంది.

అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. షెడ్డులో నలుగురి ముందూ "ఆ తొక్కుడేమిట్రా! పాత పిస్టన్లని తెలుసు కదా" అని వాణ్ని కేకలేశాను. వాడు తలవంచుకుని విన్నాడు. విరిగిన పిస్టన్‌ను పాత ఇనుప సామాన్ల బండికి తూకానికి అమ్మేశాం. సిలిండర్లు అర మిల్లీమీటరు రీబోరు చేయించి, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేయించాం. నా రెండు నెలల జీతం పోయింది.

కొత్త ఇంజిన్ కదా అని వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా నడిపాం. ఏ గొడవా లేదు. "చూశావా, పాత పిస్టన్లదే తప్పు" అన్నాను. కానీ నెమ్మదిగా నడిపినంతసేపూ టర్బో గాలిని ఒత్తనే లేదు. ఆ వెయ్యి కిలోమీటర్లు మేము దేన్నీ పరీక్షించలేదు. వెయ్యిన్నొకటో కిలోమీటరులో యాక్సిలరేటర్ నిండుగా తొక్కాం. అరగంటలో రెండు పిస్టన్లు విరిగాయి. ఈ సంచిలో ఉన్నవి అవే.

అవి పట్టుకుని ఆటోనగర్‌లో బోరింగ్ షాపు నడిపే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. అందరూ ఆయన్ని చాచా అంటారు. బడి చదువు పెద్దగా లేదు, కానీ నలభై ఏళ్లుగా ఇంజిన్లతోనే బతుకు. ఆయన మొదట అడిగింది ఇంజిన్ గురించి కాదు. "ముందు విరిగింది ఎక్కడ?" అన్నాడు. అమ్మేశామని చెప్పాం. "జబ్బు ఏమిటో చెప్పేది అదే కదా మాస్టారూ! రిపోర్టు చింపేసి మందు వేశారన్నమాట" అన్నాడు.

తర్వాత బల్ల మీద పేపరు పరిచి పిస్టన్లు, ప్లగ్గులు సిలిండర్ వరుసలో పెట్టించి నంబర్లు వేయించాడు. భూతద్దం ఇచ్చి ప్లగ్గు తెల్ల పింగాణీని చూడమన్నాడు. దాని మీద మిరియపు పొడి చల్లినట్టు సన్నటి వెండిరంగు చుక్కలున్నాయి. అది పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. పిస్టన్ తల అంచు ఇసుకతో కొట్టినట్టు గరుకుగా ఉంది. "ఇది పాత సామాను విరగడం కాదు. ఇది నాకింగ్" అన్నాడు.

ప్లగ్గు దగ్గర మొదలైన మంట సిలిండర్‌లో వరుసగా వ్యాపించాలి. లోపల వేడి, ఒత్తిడి మితిమీరితే ఆ మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. ఆ దెబ్బలు సుత్తి దెబ్బల్లా పిస్టన్ మీద పడతాయి. మా కారులో వేడి ఎందుకు మితిమీరింది? ఒకటి, 35 డిగ్రీల గాలిని అర బార్ ఒత్తితే అది 90 డిగ్రీలకు అటూఇటూగా వేడెక్కుతుంది. దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మేము పెట్టలేదు. రెండోది ఇంకా పెద్దది. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి. టర్బో ఒత్తిడిలో అయితే పెట్రోలు ఇంకా చిక్కగా, 12 గ్రాముల గాలికి ఒక గ్రాము చొప్పున ఇవ్వాలి. మాకు చిక్కబడాల్సింది పోయి పలచబడింది.

ఎందుకంటే కారులోని సెన్సర్ మామూలు గాలి ఒత్తిడి వరకే కొలవగలదు. అయిదు కేజీల కాటా మీద ఎనిమిది కేజీలు పెడితే ముల్లు అయిదు దగ్గరే ఆగుతుంది కదా! కంప్యూటర్‌కు అయిదే కనిపించింది, అయిదింటికే పెట్రోలు ఇచ్చింది.

"ఈ లెక్క ఎవరు వేశారు?" అన్నాడు చాచా. మా మేనల్లుడు నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. చెప్పలేదు. నేనూ చెప్పలేదు. బస్సులో ఇద్దరం మాట్లాడుకోకుండానే ఇంటికి వచ్చాం.

నా అసలు తప్పు ఆ లెక్క కాదు. సెన్సర్ గురించి తెలియకపోవడం ఎవరికైనా జరుగుతుంది. వాడు మొదట్లోనే సరైన ప్రశ్న అడిగితే నోరు మూయించాను. విరిగినప్పుడు నింద వాడి మీద వేశాను. సాక్ష్యాన్ని అమ్మేశాను. తెలిశాక కూడా మౌనంగా కూర్చున్నాను. రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు షెడ్డుకు వెళ్లి, అప్పుడు కేకలేసిన ఆ నలుగురి ముందే "తప్పు నాదిరా" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక నోటుపుస్తకం తీశాడు. మొదటి రోజు నుంచి ఏ బోల్టు ఎప్పుడు మార్చాడో, ఏ చప్పుడు ఎప్పుడు విన్నాడో అన్నీ రాసుకున్నాడు. రెండు పేజీల ముందు "పెట్రోలు సరిపోతుందా?" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది.

మూడోసారి ఇంజిన్‌ను ఆ పుస్తకం ముందు పెట్టుకుని కట్టాం. పెద్ద ఇంజెక్టర్లు, ఎక్కువ ఒత్తిడి కొలిచే సెన్సర్, మనం సరిదిద్దుకోగల కంప్యూటర్, ఇంటర్‌కూలర్ పెట్టాం. ఒత్తిడి తగ్గించాం. పిస్టన్ రింగు రెండు కొసల మధ్య సందు మామూలుగా 0.29 మిల్లీమీటర్లు చాలు. టర్బో వేడికి రింగు సాగి కొసలు ఢీకొంటే గట్టు విరుగుతుంది కాబట్టి చాచా ఫీలర్ గేజ్ పెట్టి 0.40 ఉంచాడు. ఒకసారికి ఒకే మార్పు, ప్రతి మార్పుకూ కొలత. ఈసారి నెమ్మదిగా నడిపి సంబరపడలేదు. పొగలో గాలి, పెట్రోలు పాళ్లు చూపే మీటరు పెట్టి, ఒత్తిడి కొంచెం కొంచెంగా పెంచుతూ పరీక్షించాం. ఇంజిన్ నిలబడింది.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ఇది తెలుసుకోకుండానే మేము హైవే ఎక్కాం. మన పిల్లలు అలా చేయకూడదు. ఇప్పుడు ఆ ఇంజిన్ కారులో లేదు. ఇనుప స్టాండు మీద షెడ్డులో ఉంది. ఐటీఐ పిల్లలు వచ్చి చూసి, విప్పి, బిగించి నేర్చుకుంటున్నారు.

తప్పు చేసింది మేమొక్కళ్లమే కాదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ జెట్‌ఫైర్ అనే టర్బో కారు తెచ్చింది. నాకింగ్ రాకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని వేరే ట్యాంకులో పోయాలి. చాలామంది పోయడం మర్చిపోయేవారు. చివరికి ఎన్నో కార్లకు టర్బో తీసేసి మామూలు కార్బురేటర్ బిగించారు. అయినా టర్బో విద్య ఆగిపోలేదు. తప్పు ఎక్కడుందో వెతికినవాళ్లు దాన్ని ముందుకు తీసుకెళ్లారు.

బి.ఇడి.లో థార్న్‌డైక్ యత్న-దోష సిద్ధాంతం చదివాను. పెట్టెలో పెట్టిన పిల్లి తప్పులు చేస్తూ చేస్తూ తలుపు తీయడం నేర్చుకుంటుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ పిల్లికి తలుపు తెరుచుకుందో లేదో వెంటనే తెలుస్తుంది. మన తప్పుల ఫలితం వెయ్యి కిలోమీటర్ల తర్వాత తెలుస్తుంది. ఈలోపు మనం సాక్ష్యం పారేసి, నింద ఇంకొకరి మీద వేసి ఉంటాం. అలాంటప్పుడు తప్పు ఏమీ నేర్పదు. మళ్లీ అదే తప్పు చేయిస్తుంది, అంతే.

అప్పటి నుంచి నా తరగతిలో ఒక పద్ధతి మార్చాను. తప్పు జవాబును రబ్బరుతో చెరపనివ్వను. దాని కింద "ఎక్కడ తప్పాను" అని ఒక్క వాక్యం రాయమంటాను. నా లెక్క బోర్డు మీద తప్పితే నేనూ రాస్తాను. మొదట్లో పిల్లలు నవ్వేవారు. ఇప్పుడు నా తప్పులు వాళ్లే పట్టుకుంటున్నారు.

పెద్దలారా! మన ఇళ్లలో, దుకాణాల్లో, షెడ్డుల్లో పనిచేసే పిల్లలు ఏదో ఒకటి పాడుచేసుకుని మన ముందుకు వస్తారు. కేకలేసే ముందు విరిగిన ముక్క తెమ్మని అడగండి. ఇద్దరూ కూర్చుని చూడండి. ఒక్కోసారి ఆ ముక్క మీద మన వేలిముద్రే ఉంటుంది.

పిస్టన్లు ఈ బల్ల మీద పెడుతున్నాను. చూసి మళ్లీ ఇక్కడే పెట్టండి. సోమవారం తరగతిలో వాటితో పనుంది.

సెలవు. ఖుదా హాఫిజ్.