గుత్తాధికారము - సమన్యాయ పాలనము
(వర్తకుల సభయందు చేసిన ప్రసంగము)



గుత్త వ్యాపారమును అరికట్టు శాసనము నేడు పెక్కు దేశములందు కలదు. ఆ శాసన మెంత కఠినమైనదని అందరును అడుగుదురు. దానినుండి మినహాయింపు పొందిన వారెవరని అడుగువారు అరుదు. సమన్యాయ పాలనమునకు గీటురాయి ఈ రెండవ ప్రశ్నయే.

మొదట ఇంగ్లండును చూడుడు. పేకముక్కల వ్యాపారమును ఒక్కనికే కట్టబెట్టిన ఎలిజబెత్ రాణి పట్టా చెల్లదని 17వ శతాబ్ది ఆరంభమున అచ్చటి న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1624లో పార్లమెంటు అట్టి పట్టాలను శాసన మూలముననే నిషేధించెను. కాని వర్తక కంపెనీలను ఆ శాసనమే విడిచిపెట్టెను. ఫలితమేమి? ఈస్టిండియా కంపెనీ అనుమతి లేక తూర్పుదేశములతో వర్తకము చేసిన శాండిస్ అను వాని వ్యాజ్యమున, 1685లో ప్రధాన న్యాయాధిపతి జెఫ్రీస్ కంపెనీ గుత్తనే నిలబెట్టెను. పేకముక్కలకు ఒక ధర్మము, మన సముద్రములకు వేరొక ధర్మము! 1813లో గాని భారత వర్తకమున ఆ గుత్త తొలగలేదు.

అమెరికాలో 1890 నాటి షెర్మన్ చట్టము క్రింద, 1911లో స్టాండర్డ్ ఆయిల్ అంతటి సంస్థ ముక్కలు చేయబడెను. ఏడేండ్లకే, అనగా 1918లో, ఎగుమతి వ్యాపారులు కూటములు కట్టుటకు మరియొక చట్టము అనుమతి నొసగెను. స్వదేశమున దోషమైనది పరదేశీయుని యెడ దోషము కాకపోయెను.

ఐరోపావారి 1957 నాటి రోము సంధి ప్రభుత్వ సంస్థలను సైతము పోటీ నియమములకు లోబరచెను. ప్రజాసేవ కుంటుపడకుండుటకు ఎంత అవసరమో అంతవరకే మినహాయింపు నొసగెను.

మన 1969 నాటి చట్టము మొదట ప్రభుత్వ సంస్థలను తాకలేదు. 1991లో ఆ గోడ చాలవరకు తొలగెను. 2002 నాటి కాంపిటీషన్ చట్టము ప్రభుత్వ సంస్థలకును వర్తించును. జాతీయకరణముచే ఏర్పడిన తన గుత్త ప్రజాహితార్థమే గనుక ఈ చట్టము తనకు వర్తింపదని కోల్ ఇండియా వాదింపగా, 2023లో సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. అయినను 54వ సెక్షను క్రింద ప్రజాహితము పేర మినహాయింపు నొసగు అధికారము కేంద్ర ప్రభుత్వమునకు కలదు.

మినహాయింపులన్నియు అధర్మములని నేననను. 1922లో అమెరికా రైతుల సహకార సంఘములకు అట్టి రక్షణమే ఇచ్చెను. బలహీనులు నిలద్రొక్కుకొనుటకు ఏకమగుట వేరు. బలవంతులు ఇతరులను అణచుటకు ఏకమగుట వేరు. ఈ భేదమును తేల్చునది పాలకుల దయాదాక్షిణ్యములు కారాదు. మినహాయింపునకు కారణము బహిరంగముగా చెప్పవలెను, దానికి గడువుండవలెను, న్యాయస్థానము దానిని ప్రశ్నింపగలగవలెను.

వర్తక మిత్రులారా! కాంపిటీషన్ కమిషనునకు ఫిర్యాదు చేయు హక్కు మీ సంఘములకును, సామాన్య కొనుగోలుదారునికిని కలదు. దానిని వినియోగింపుడు. చట్టమును చదువునపుడు శిక్షల ప్రకరణమును మాత్రమే కాక, మినహాయింపుల ప్రకరణమును కూడ చదువుడు. ఒకనాడు కంపెనీ తన గుత్తను నిలుపుకొన్నది ఆ ద్వారముననే.