మంచుసీమలో మోటారుకారు



సంతలో ఎద్దును కొనబోవు రైతు దాని రంగును జూచి మోసపోడు. పండ్లు పట్టి చూచును, సుళ్లు చూచును, నాలుగడుగులు నడిపించి గిట్టలు చూచును. మన పల్లెలలో ఈ పరీక్ష నెరుగనివారు లేరు. అట్టి మనమే, మన బిడ్డలు కెనడావంటి శీతలదేశమున మోటారుకారు కొనిరని వినగానే, "ఏ కంపెనీది? ఎంత పెట్టి కొంటివి?" అని యడిగి ఊరకుందుము. మంచుసీమలో కారునకు గిట్టలు దాని టైర్లే. వానిని గూర్చి యడుగువారు అరుదు. ఏమి యడుగవలెనో చెప్పుటయే నేటి నా ప్రసంగమున కుద్దేశము.

ఉద్యోగవిరమణానంతరము నేనొక శీతకాలమంతయు మా అమ్మాయి యింట, కెనడా దేశపు క్విబెక్ రాష్ట్రమునందలి మాంట్రియల్ నగరమున గడపితిని. అచ్చట జనవరి మాసమున సగటు ఉష్ణము, నీరు గడ్డకట్టు అంకెకు సుమారు 10 డిగ్రీలు దిగువ నుండును. కొన్ని రాత్రులు 25 డిగ్రీల దిగువకును పోవును. అట్టిచోట కారు విలాసవస్తువు గాదు. కుటుంబపు క్షేమము దానిమీద నాధారపడియుండును.

మొదట టైర్ల మాట. రబ్బరు చలికి బిగిసికొనును. ఎండకు పడియుండి కొయ్యవలె బిగిసిన పాతచెప్పు తడిబండపై జారునట్లు, వేసవి టైరు మంచుపై జారును. అందుచే 7 డిగ్రీలకు దిగువను గూడ మెత్తదనము విడువని రబ్బరుతో, మంచును కరచిపట్టు సన్నని గాట్లతో, చలికాలపు టైర్లను ప్రత్యేకముగా చేయుదురు. మూడు శిఖరముల కొండయు, దానిలోపల నొక మంచురేకును వానికి గుర్తు. క్విబెక్ ప్రభుత్వము 2008 నుండి చలికాలమున ఈ టైర్లను చట్టముచే నిర్బంధము గావించినది. 2019 నుండి ఆ గడువు డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు. కావున అచ్చటి గృహస్థునకు బండికి నాలుగు టైర్లు, కొట్టులో నాలుగు టైర్లు నుండును. రెండు మాత్రమే మార్చి పొదుపు చేయుదమన్న కుదరదు. ముందరివి మార్చి వెనుకవి విడిచినచో, మలుపులో బండి వెనుకభాగము జారి తిరిగిపోవును.

ఇచ్చట నొక పూర్వపక్షము కలదు. "మేము నాలుగు చక్రములకును ఇంజను బలమందు కారును కొన్నాము. మాకీ టైర్లతో పనియేమి?" అని కొంద రందురు. దీనికి సమాధానము తర్కసిద్ధము. కదలుట వేరు, నిలుచుట వేరు. నాలుగు చక్రముల బలము బండిని మంచులోనుండి కదలించును, నిజమే. కాని బ్రేకు సామాన్యమైన కారునకును నాలుగు చక్రములకు నున్నది. కావున ఆగుటయందు ఆ ఖరీదైన కారునకు విశేషమేమియు లేదు. నేలను పట్టి నిలుపునది తుదకు టైరే. పైగా సులువుగా కదలు బండి నడుపువానికి లేనిపోని ధైర్యమిచ్చును. చేతిసొమ్ము పరిమితమైనప్పుడు, మంచి చలిటైర్లతో సామాన్యమైన కారు, వేసవి టైర్లతో ఘనమైన కారుకంటె మేలు.

ఇక ఇంజను. పుష్యమాసపు చలిలో మన యిండ్ల కొబ్బరినూనె గడ్డకట్టుట మీరెరుగుదురు. ఆ దేశపు చలికి ఇంజనులోని నూనెయు చిక్కబడి, దానిని త్రిప్పుటకు ఎక్కువ బలము కావలసివచ్చును. బ్యాటరీయో, సున్నకు దిగువ 18 డిగ్రీలలో సుమారు సగము బలమును గోల్పోవును. అక్కర పెరిగిన వేళకే ఆదాయము తరిగినట్లగును. కావున చలికి తగిన పలుచని నూనెను వాడవలెను. చలిలో ఇంజనును త్రిప్పగల శక్తి యెంతయో తెలుపు అంకెను బ్యాటరీమీద చూచి కొనవలెను. విన్నిపెగ్ వంటి మరింత చలిపట్టణములలో, రాత్రివేళ ఇంజనును విద్యుత్తుతో వెచ్చగా నుంచు సాధనమును తగిలింతురు.

విద్యుత్కార్లు చలికి పనికిరావనుట సరికాదు. నార్వే చలిదేశమే, అచ్చట 2024లో అమ్ముడైన క్రొత్తకార్లలో పదింట తొమ్మిదికి దగ్గరగా విద్యుత్కార్లే. అయినను ఒకసారి విద్యుత్తు నింపినచో పోవు దూరము చలిలో తగ్గును. ఆ తగ్గుదలను ముందే లెక్కించి కొనుట వివేకము.

పాతకారు కొనువాడు మరియొకటి చూడవలెను. మంచు కరుగుటకై అచ్చట రోడ్లమీద ఉప్పు చల్లుదురు. ఉప్పుగాలి ఇనుమునేమి చేయునో మన సముద్రతీర గ్రామములవారికి వేరుగ చెప్పనక్కరలేదు. పైరంగు నిగనిగలాడుచుండగనే అడుగుభాగము తుప్పుపట్టి పోవచ్చును. కావున వంగి క్రిందికి చూచి బేరమాడవలెను. కొన్న పిమ్మట చలికాలమంతయు అడుగుభాగమును కడిగించుచుండవలెను.

చివరి మాట ప్రాణముతో ముడిపడినది. కారు వెనుక పొగగొట్టము మంచులో పూడియుండగా ఇంజను నడిపినచో, ఆ పొగ బయటికి పోవు దారిలేక కారులోనికి చేరును. అందలి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. మనిషికి మత్తు గ్రమ్మి, మేలుకొనకయే ప్రాణము పోవును. 2016 జనవరిలో గొప్ప మంచుతుఫాను వచ్చినపుడు, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున పసాయిక్ పట్టణములో, తండ్రి బయట మంచు తీయుచుండగా, వెచ్చదనమునకై కారులో కూర్చున్న తల్లియు ఏడాదిబిడ్డయు ఈ విధముగనే మరణించిరి. ఆమె కోరినది బిడ్డకు కొంచెము వేడిమియే. వారికి కొరవడినది కారు గాదు, ధనము గాదు. ఒక చిన్న ఎరుక.

మా అల్లుడు ప్రతి ఉదయమును పార చేతబట్టి మొదట బండి వెనుకకు పోవుటను నేను కిటికీలోనుండి చూచెడివాడను. పొగగొట్టము చుట్టునున్న మంచు తీసిన పిమ్మటనే ఇంజను త్రిప్పుట, అద్దములు తుడుచుట. మా మనుమడు తండ్రివెంట చిన్నపార పట్టుకొని పోయి ఆ క్రమమునే నేర్చుకొనెను.

పెద్దలారా, మీ పిల్లలు మంచుదేశములనుండి ఫోను చేసినపుడు కారు ఖరీదు అడుగకున్నను లోటు లేదు. "నాయనా, చలిటైర్లు నాలుగును మార్పించితివా? పొగగొట్టము చూచుకొనియే ఇంజను త్రిప్పుచున్నావా?" అని యడుగుడు. వారు మొదట నవ్వుదురు. నవ్విన పిమ్మట పోయి చూచుకొందురు. మన కంతియే చాలును.