హెరాల్డ్ కటౌట్ కొనే ముందు కవర్ విప్పి చూడండి

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది అడిగారు, "మామయ్య గారి హెరాల్డ్ ఏమైంది బ్రో, స్టార్ట్ అయిందా?" అని. అయింది. కానీ మధ్యలో నేనే దాన్ని తగలబెట్టేసేవాణ్ణి. ఈరోజు ఆ కథే.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. స్టాండర్డ్ హెరాల్డ్ అంటే ఇంగ్లండ్ ట్రయంఫ్ హెరాల్డే. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి ఇక్కడ తయారుచేశారు. బాడీ గీసింది ఇటలీ డిజైనర్ మికెలోటి. బానెట్ ఒక్కటే లేవదు, మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం ముందుకి తెరుచుకుంటుంది. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు ఉంది కదా, దాని ఛాసిస్ కూడా హెరాల్డ్‌ది పొట్టి చేసిందే. కాబట్టి స్పిట్‌ఫైర్ వాళ్లు ఏ లూకాస్ సామాన్ల కోసం వెతుకుతారో, దాదాపు అవే మా మామయ్యకీ కావాలి. కాకపోతే ఆయన వెతికేది లండన్‌లో కాదు, విజయవాడ ఆటోనగర్‌లో.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మామయ్య ఇంట్లోకి నీళ్లొచ్చాయి. మనుషులు మేడ మీదకి ఎక్కారు, కారు ఎక్కలేదు. నీళ్లు తీశాక సీట్లు, ఇంజన్ ఒక్కొక్కటి బాగుచేసుకుంటూ వచ్చాం. ఛార్జింగ్ మాత్రం రాలేదు. అప్పటికే తుక్కు కొనే ఆయన రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. అత్తయ్య కూడా "ఇచ్చేయండి, వాకిలి ఖాళీ అవుద్ది" అంటోంది. మామయ్య నా వైపు చూసి, "అల్లుడూ, బీటెక్ చదివావు కదా, ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు.

చేశాను.

డైనమోకి, బ్యాటరీకి మధ్య ఒక నల్ల డబ్బా ఉంటుంది. మాన్యువల్‌లో కంట్రోల్ బాక్స్ అంటారు, మన మెకానిక్‌లు కటౌట్ అంటారు. డైనమో సరిపడా వోల్టేజ్ ఇస్తేనే బ్యాటరీకి కలుపుతుంది. ఇంజన్ నెమ్మదించగానే విడదీస్తుంది, లేకపోతే బ్యాటరీ వెనక్కి డైనమోలోకి ఖాళీ అయిపోద్ది. వోల్టేజ్ మరీ పెరగకుండా కూడా అదే చూసుకుంటుంది. మా దాంట్లో ఉన్నది లూకాస్ ఆర్‌బీ 106. వరద నీళ్లకి లోపల పాయింట్లన్నీ పచ్చగా పట్టేశాయి.

ఆన్‌లైన్‌లో చూస్తే అచ్చం అదే డబ్బా, అవే టెర్మినళ్లు, కొత్తది. ఆర్డర్ పెట్టాను. బిగించి బ్యాటరీ కలిపాను. రెండు సెకన్లు, అంతే. పొగ. బ్రౌన్ వైరు జానెడు పొడవున కరిగిపోయింది. ఈ కార్లలో బ్యాటరీ నుంచి కటౌట్‌కి వచ్చే బ్రౌన్ వైరుకి ఫ్యూజ్ ఉండదండీ. మామయ్య పరుగెత్తుకొచ్చి టెర్మినల్ పీకేశాడు కాబట్టి సరిపోయింది.

తర్వాత కవర్ విప్పాను. ముందే విప్పాల్సింది. పాత దాంట్లో రెండు రాగి కాయిల్స్ ఉంటాయి. దీంట్లో కాయిల్స్ లేవు, చిన్న సర్క్యూట్ బోర్డు ఉంది. పైకి 1960ల డబ్బా, లోపల ఈనాటి ఎలక్ట్రానిక్స్. అసలు కాయిల్ కటౌట్‌కి కరెంటు ఎటు పారినా పర్లేదు. అయస్కాంతం ఎటైనా లాగుతుంది కదా. బోర్డు మీద డయోడ్‌లు అలా ఊరుకోవు. మామయ్య కారు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంటుంది. 1960ల మధ్య దాకా బ్రిటిష్ కార్లు చాలావరకు అంతే. స్పిట్‌ఫైర్ కూడా 1967లో మార్క్ 3 వచ్చేదాకా పాజిటివ్ ఎర్తే. నేను కొన్నది నెగటివ్ ఎర్త్‌ది. పెట్టె మీద సన్నక్షరాల్లో రాసే ఉంది, నేనే చదవలేదు.

ఆ పాత డబ్బా, కాలిన డబ్బా రెండూ పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. ఒక పెద్దాయన ఉన్నారు, పాత బండ్ల కరెంటు పనే చేస్తారు. నేను "బాబాయ్, హెరాల్డ్ కటౌట్ ఉందా?" అన్నాను. ఆయన "బండి పేరు కాదు అబ్బాయ్, డబ్బా చూపించు" అన్నారు. నాకు అక్కడే తెలిసింది నేను తప్పు ప్రశ్నతో వెతుకుతున్నానని.

ఆయన చూసిన పద్ధతి చెప్తాను. ముందు టెర్మినళ్లు లెక్కపెట్టారు. ఆర్‌బీ 106కి వరసగా ఏ, ఏ1, ఎఫ్, డీ, ఈ అని అయిదు. తర్వాత కవర్ తీసి కాయిల్స్ చూశారు. రెండుంటే 106, మూడుంటే తర్వాత వచ్చిన ఆర్‌బీ 340. ఒకదాని బదులు ఇంకోటి నేరుగా పెట్టకూడదు, వైర్లు వేసే చోట్లు వేరు. ఆ తర్వాత స్టాంప్ చేసిన నంబర్. లూకాస్ వాళ్లు వస్తువు మీదే అయిదంకెల పార్ట్ నంబరు, పక్కన తయారైన కాలం కొడతారు. కాలంలో చివరి రెండంకెలు సంవత్సరం. ఆఖరికి డైనమో మీద ఏముందని అడిగారు. సీ40 అన్నాను. డైనమో ఎంత ఆంపియర్లు ఇస్తుందో దానికి తగ్గ కటౌట్ ఉండాలి.

అప్పుడు ఒక రేకు డబ్బా బోర్లించారు. అందులోంచి ఆర్‌బీ 106 ఒకటి దొరికింది, లూకాస్-టీవీఎస్ ముద్రతో. ఏ బండి నుంచి తీశారో ఆయనకీ గుర్తులేదు. లూకాస్-టీవీఎస్ 1961లో మద్రాసు పాడిలో మొదలైన కంపెనీ. "ఇంగ్లండ్ ముద్రే కావాలి" అని పట్టుబట్టేవాళ్లున్నారు. షోలో నిలబెట్టే కారైతే సరే, నడిపే కారుకి నాకైతే ఆ పట్టింపు లేదు.

పాయింట్లు తుడవడానికి నేను ఎమరీ పేపర్ తీస్తే చేతిమీద కొట్టినంత పనిచేశారు. కటౌట్ పాయింట్లకి సన్న గ్లాస్ పేపరే, తర్వాత స్పిరిట్‌తో తుడవాలి. ఇంటికొచ్చి మాన్యువల్ తీస్తే అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది.

ఇంకో మెట్టుంది. నీళ్లలో నానిన డైనమో విప్పి, ఆరబెట్టి, బ్రష్‌లు మార్చాం కదా, దాని అయస్కాంతం ఎటుందో నమ్మకం లేదు. డైనమో వైర్లు రెండూ తీసేసి, బ్యాటరీ లైవ్ నుంచి ఒక వైరుతో ఎఫ్ టెర్మినల్‌ని రెండు మూడుసార్లు తాకించి తీయాలి. పాజిటివ్ ఎర్త్ బండిలో లైవ్ అంటే బ్యాటరీ మైనస్, ఇక్కడ కంగారుపడకండి. ఇగ్నిషన్ కాయిల్ కూడా చూడండి. పాత వాటి మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటుంది, కొత్త వాటి మీద ప్లస్, మైనస్ ఉంటాయి. మధ్యలో ఎవరైనా ఎర్త్ మార్చేసి ఉండొచ్చు కాబట్టి స్టిక్కర్ నమ్మొద్దు. బాడీకి ఏ టెర్మినల్ పోతోందో కళ్లతో చూడండి.

మారుతి ఆల్టర్నేటర్ పెట్టేయొచ్చుగా అని ఎలాగూ అడుగుతారు. పెట్టొచ్చు, రోజూ తిరిగేవాళ్లకి అదే మేలు. కానీ ముందు కారంతా నెగటివ్ ఎర్త్‌కి మార్చాలి. మామయ్య ఒప్పుకోలేదు.

కాలిన బ్రౌన్ వైరు మొత్తం తీసి అదే మందంలో కొత్తది వేశాం. కలిపేముందు నాలుగుసార్లు చూసుకున్నాను. తాళం తిప్పితే డాష్‌లో ఎర్ర దీపం వెలిగింది. అది వెలగాలి. ఇంజన్ స్టార్టయింది, దీపం ఇంకా ఉంది. మామయ్య యాక్సిలరేటర్ కొంచెం తొక్కాడు, దీపం ఆరిపోయింది. మళ్లీ వదిలాడు, వెలిగింది. తొక్కాడు, ఆరింది. అలా ఓ పది నిమిషాలు చేస్తూనే ఉన్నాడు. అత్తయ్య లోపల్నుంచి "పెట్రోలు!" అని అరిచింది.

తుక్కు ఆయన మళ్లీ రాలేదు. వచ్చే ఎపిసోడ్‌లో వైపర్ మోటార్ విప్పుదాం. మీ దగ్గర పాత లూకాస్ డబ్బాలుంటే నంబర్ కనిపించేలా ఫోటో తీసి పెట్టండి, కలిసి చూద్దాం. ఉంటానండీ.