లెక్కలో ఉన్నది ఎవరి పేరు?

(మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



'బిగ్ డేటా' అనే మాట ఈమధ్య పరిశోధనా సంస్థల్లో బాగా వినబడుతోంది. ఫోను కాల్స్, బ్యాంకు లావాదేవీలు, రేషన్ షాపులో వేలిముద్రలు - పరిశోధన కోసం కాక మరి దేనికోసమో నమోదైన సమాచారం కోట్లలో పోగుపడుతోంది. ఇంత ఉండగా ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడగటం ఎందుకని యువ పరిశోధకులు అడుగుతున్నారు.

నా అభ్యంతరం సంఖ్యతో కాదు. ఈ సమాచారంలో కనబడేది మనిషి కాదు, ఒక నంబరు, ఒక ఖాతా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో తాము వాడుకునే మొబైల్ ఫోను ఉన్నవాళ్లు 54 శాతమే. (ఇదైనా ఎవరో గడపదాకా వెళ్లి అడిగితేనే తెలిసింది.) మిగతావాళ్లు భర్త ఫోనులోనో కొడుకు ఫోనులోనో మాట్లాడతారు. లెక్కలో అది మగవాడి కాల్. కోటి కాల్స్ పోగుచేస్తే ఈ తప్పు సరికాదు, మరింత నమ్మదగినట్టు కనబడుతుంది, అంతే.

ఇక ఇంటి చాకిరీ ఏ యంత్రానికీ అందదు. 2024 కాల వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి సగటున రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ నిమిషాలకు రశీదు ఉండదు కదా!

అలాగని కంప్యూటర్ లెక్కల్ని తోసిపుచ్చమనటం లేదు. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పనులకు వెళ్లినవాళ్లలో సగానికి పైగా స్త్రీలే. మస్టర్లు, చెల్లింపులు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. సామాజిక తనిఖీలో ఏం చేశారు? ఊళ్లోని చదువుకున్న యువతీయువకులు ఆ కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఈ వారం పనికి వెళ్లావా, డబ్బు నీ చేతికే వచ్చిందా అని అడిగారు. తేడాలను మండల ప్రజావేదికలో, అధికారుల ముందు చదివారు. ఎవరి గురించిన సమాచారమో వాళ్ల ముందే సరిచూడటం - పరిశోధనా పద్ధతి అంటే నా దృష్టిలో అదే.

2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకూ గణాంకాలకూ కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చింది. అదే చట్టం సమాచార హక్కు చట్టాన్ని సవరించి, వ్యక్తిగత సమాచారమని చెప్పి నిరాకరించటాన్ని సులభం చేసింది. పేర్లు లేని మస్టరును పట్టుకుని ఏ గడపకు వెళ్తాం?

మన పొదుపు సంఘాల లెక్కలు కూడా ఫోనుల్లోకి ఎక్కుతున్నాయి. పరిశోధన కోసమంటూ వాటిని అడగటానికి వచ్చేవాళ్లుంటారు. తేలిన విషయాలను సంఘం సమావేశంలో చదివి వినిపిస్తారా, తప్పని మేమంటే దిద్దుతారా అని ముందే అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.