ఈ చీటీ ఎవరు రాశారు?

(రాత్రి బడిలో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



ఈ పూట పుస్తకాలు పక్కన పెట్టండి. బస్సు బోర్డు చదవడం మీకు వచ్చింది. రేషను కార్డు మీద పేర్లు చదవడం వచ్చింది. ఈ పూట ఇంకో కాగితం చదువుదాం. నా చేతిలో ఉన్న ఈ చీటీ మా మేనత్తది. ఆమెను అడిగే తెచ్చాను.

లాంతరు దగ్గరికి రండి. పైన పెద్ద అక్షరాలతో ఏముంది? లాబు పేరు. దాని కింద ఫోను నంబరు. ఆ కింద వరసగా పరీక్షల పేర్లు. ఒక్కో పేరు పక్కన చిన్న గడి. ఆరు గడుల్లో టిక్కు పెట్టి ఉంది. "పంపిన డాక్టరు" అన్న చోట చూడండి. అక్కడ మన ఊరి పేరు రాసి ఉంది. అంతే. మనిషి పేరు లేదు. ఏం చదివాడో లేదు. సంతకం లేదు.

ఈ చీటీ కథ చెబుతాను.

పోయిన ఏడాది మిరప కోతలప్పుడు మా అత్తకు దగ్గు పట్టుకుంది. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరకు వెళ్ళింది. ఆయన మాత్రలు ఇచ్చాడు, ఇంజెక్షను వేశాడు. వారం తగ్గింది, మళ్ళీ వచ్చింది. అప్పుడు ఆయన ఈ చీటీ మీద టిక్కులు పెట్టి పట్నం పంపాడు. లాబులో పంతొమ్మిది వందలు తీసుకున్నారు. "టైఫాయిడ్" అన్నారు. అయిదు రోజులు సెలైను ఎక్కింది. నెల తిరక్కుండా మళ్ళీ అదే జ్వరం, మళ్ళీ అదే లాబు, మళ్ళీ టైఫాయిడే. అలా రెండున్నర నెలలు. పధ్నాలుగు వేలు ఖర్చయింది. చెవి దిద్దులు తాకట్టుకు వెళ్ళాయి.

ఒక రోజు ఏ.ఎన్.ఎం. సిస్టరమ్మ పిల్లల టీకాల కోసం మా వీధికి వచ్చింది. అత్త అరుగు మీద కూర్చుని దగ్గుతోంది. సిస్టరమ్మ ఆగింది. "ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా ఈ దగ్గు?" అని అడిగింది. రెండున్నర నెలల్లో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. మర్నాడు పొద్దున్నే కళ్లె పట్టి ఇమ్మని మూతతో ఉన్న చిన్న డబ్బా ఇచ్చింది. ఆ డబ్బా పి.హెచ్.సి.కి వెళ్ళింది. టి.బి. అని తేలింది. ఒక్క పైసా కట్టలేదు. ఆరు నెలల మందులూ ఉచితమే. నెలకు వెయ్యి రూపాయలు తిండి కోసం అత్త బ్యాంకు ఖాతాలో పడ్డాయి. ఈ డబ్బు 2018లో నెలకు 500తో మొదలుపెట్టారు. 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు.

అత్త ఇప్పుడు బాగుంది. దిద్దులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.

అత్త నన్ను ఒక ప్రశ్న అడిగింది. "ఏమే అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి గదా. ఆ చీటీ చూసి కూడా ఏమీ అనలేదేం?" నా దగ్గర జవాబు లేదు. నిజానికి లాబుకు అత్తను తీసుకువెళ్ళింది నేనే. డబ్బు లెక్క చూశాను గానీ చీటీ ఎవరు రాశారో చూడలేదు. ఆ తరువాతే తెలుసుకోవడం మొదలుపెట్టాను. పి.హెచ్.సి. డాక్టరమ్మను అడిగాను, చట్టం పుస్తకం చదివాను. తెలిసింది మీకు చెబుతున్నాను. నేను టీచరును, డాక్టరును కాను. అది గుర్తుంచుకుని వినండి.

మన దేశంలో ఇంగ్లీషు వైద్యం చేయాలంటే ఎం.బి.బి.ఎస్. చదవాలి. ఆ పైన మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. నమోదైన డాక్టరుకు ఒక నంబరు ఇస్తారు. రోగిని చూసి, ఇది ఫలానా జబ్బు కావచ్చు, తేల్చుకోవడానికి ఫలానా పరీక్ష కావాలి అని రాసే పని ఆ డాక్టరుది. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చింది. నమోదు లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ అని అందులో 34వ సెక్షను చెబుతోంది.

ఆర్.ఎం.పి. అంటే అసలు అర్థం రిజిస్టరు అయిన డాక్టరు అనే. మన పల్లెల్లో ఆ మాట తిరగబడింది. రిజిస్టరు కాని ఆయననే ఆర్.ఎం.పి. అంటున్నాం!

మన ఊరి ఆయనను నేను బాబాయ్ అని పిలుస్తాను. అర్ధరాత్రి తలుపు కొట్టినా వస్తాడు. చేతిలో డబ్బు లేకపోతే పంట వచ్చాక ఇమ్మంటాడు. అందుకే ఈ మాట చెప్పడం నాకు కష్టంగా ఉంది. దెబ్బ తగిలితే కట్టు కట్టనీయండి. పాము కరిస్తే బండి ఎక్కించి పెద్దాసుపత్రికి తోడు రానీయండి. అంతవరకు ఆయన చేసే మేలు మేలే. జబ్బు ఏమిటో తేల్చడం, పరీక్షలు రాయడం, యాంటీబయాటిక్ ఎక్కించడం చట్టం ప్రకారం ఆయన పని కాదు. ఈ మాట ఆయన ముందే చెప్పాను. కోపం తెచ్చుకున్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు.

"మరి లాబువాళ్ళు ఎందుకు చేశారు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. డాక్టరు చీటీ లేకుండా రక్తం తీయకూడదు అని అన్ని లాబులకూ కలిపి చెప్పే ఒక్క చట్టం మనకు లేదు. షుగరు ఉన్నవాళ్ళు నెలనెలా తామే వెళ్ళి చూపించుకుంటారు. అది తప్పు కాదు. కాని పరీక్ష సగం పనే. వచ్చిన అంకె ఏం చెబుతోందో మనిషిని చూసి చెప్పాలి. ఆ రెండో సగం డాక్టరు దగ్గర తప్ప దొరకదు.

అత్తకు చేసిన టైఫాయిడ్ పరీక్షనే తీసుకోండి. దాని పేరు వైడాల్. మన ఒంట్లో రోగంతో పోరాడే పదార్థాలు కొన్ని ఉంటాయి. ఆ పరీక్ష వాటినే చూస్తుంది. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్ వల్లా, వేయించుకున్న టీకా వల్లా, ఒక్కోసారి వేరే జ్వరం వల్లా కూడా ఆ పరీక్ష "ఉంది" అని చూపవచ్చు. అందుకే ఒక్క వైడాల్ చూసి టైఫాయిడ్ అని తేల్చకూడదని డాక్టర్లు అంటారు. జ్వరం వచ్చిన మొదటి వారంలో రక్తం కల్చర్ చేస్తే ఎక్కువ నమ్మకం. మన పల్లెల్లో ఎంతమంది "టైఫాయిడ్"తో సెలైను ఎక్కించుకున్నారో మీలో మీరే లెక్క వేసుకోండి. ఇక్కడే ఏడు చేతులు లేచాయి!

ఆయుర్వేదం, హోమియో, యునాని చదివి, తమ కౌన్సిళ్ళలో నమోదైన డాక్టర్లు కూడా ఉన్నారు. వాళ్ళు తమ పద్ధతిలో వైద్యం చేస్తారు. దానికి కావలసిన పరీక్షలు రాస్తారు. ఇంగ్లీషు మందులు మాత్రం ఆ రాష్ట్రం చట్టం ఒప్పుకుంటేనే ఇవ్వాలి. 1992లో బొంబాయిలో ఒక హోమియో డాక్టరు ఒకాయన జ్వరానికి ముందు వైరల్ జ్వరం అని, తరువాత టైఫాయిడ్ అని ఇంగ్లీషు మందులు ఇచ్చాడు. రక్తపరీక్ష చేయించనే లేదు. ఆ మనిషి చనిపోయాడు. ఆయన భార్య సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1996లో కోర్టు ఆమెకు మూడు లక్షలు ఇప్పించింది. చూశారా, మా అత్తకు అనవసరమైన పరీక్షలు. అక్కడ అవసరమైన పరీక్షే లేదు. తప్పు ఒకటే. తనకు తెలియని వైద్యంలో వేలు పెట్టడం.

పళ్ళ డాక్టరు పంటి వైద్యానికి కావలసిన ఎక్స్‌రే, రక్తపరీక్ష రాయవచ్చు. మెడికల్ షాపు ఆయన పని మందు ఇవ్వడం. "ఈ పరీక్ష చేయించుకో" అని ఆయన చీటీ ఇస్తే తీసుకోకండి.

ఇక సిస్టరమ్మ సంగతి. ఆమె డాక్టరు కాదు. అయినా ప్రభుత్వం అప్పగించిన పరీక్షలు చేస్తుంది. వేలు గుచ్చి మలేరియా చూస్తుంది. గర్భిణికి రక్తం ఎంత ఉందో చూస్తుంది. కళ్లె డబ్బా ఇస్తుంది. అది ఆమెకు శిక్షణ ఇచ్చి అప్పగించిన పని. సబ్ సెంటరులో 14 రకాల పరీక్షలు, పి.హెచ్.సి.లో 63 రకాలు ఉచితంగా ఉండాలని ప్రభుత్వ పథకం. తెలంగాణలో 2018లో హైదరాబాదులో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కూడా ఇలాంటిదే. పి.హెచ్.సి.లో రక్తం తీసి పెద్ద లాబుకు పంపుతారు. అన్ని చోట్లా అన్నీ దొరుకుతాయని నేను చెప్పను. మన దగ్గర ఒకసారి షుగరు పట్టీలే లేవు. అయినా ముందు అక్కడ అడిగి, లేదంటేనే పట్నం పోవాలి.

రెండు పరీక్షలకు వేరే చట్టాలు ఉన్నాయి. హెచ్.ఐ.వి. పరీక్ష మీకు చెప్పి, మీరు ఒప్పుకున్నాకే చేయాలి. 2017 చట్టం అది. ప్రభుత్వాసుపత్రిలోని పరీక్షా కేంద్రానికి ఎవరి చీటీ లేకుండా మీరే వెళ్ళవచ్చు. రెండోది గర్భిణుల స్కానింగు. అది నమోదైన కేంద్రంలోనే చేయాలి. ఆడా మగా అని చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే మూడేళ్ళ వరకు జైలు.

కమీషన్ మాట కూడా చెప్పాలి. లాబు పేరు అచ్చయిన చీటీల కట్ట ఊళ్ళో ఆయన జేబులోకి ఎలా వచ్చింది? లాబువాళ్ళే ఇచ్చారు. ఎంత ముడుతుందో నాకు తెలియదు. అందుకే అంకె చెప్పను. రోగిని పంపినందుకు గానీ, రక్తం పంపినందుకు గానీ డాక్టరు కమీషన్ తీసుకోకూడదని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతున్నాయి. పెద్ద డాక్టరుకే తగనిది చిన్న డాక్టరుకు ఎలా తగుతుంది?

అవే నిబంధనల్లో మనకు పనికివచ్చేవి ఇంకా ఉన్నాయి. డాక్టరు తాను రాసే చీటీ మీద తన రిజిస్ట్రేషను నంబరు వేయాలి. ఆసుపత్రిలో చేరిన రోగి తన కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నంబరు చదవడం మీకు వచ్చు. అది చదివి ఫోనులో పెట్టి కౌన్సిల్ జాబితాలో వెతకవచ్చు. మీ పిల్లలు చూపిస్తారు.

రిపోర్టు కింద కూడా చూడాలి. పాథాలజీలో పెద్ద చదువు చదివిన నమోదైన డాక్టరు సంతకం ఉండాలని 2017 డిసెంబరులో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తరువాత లాబు చిన్నదా పెద్దదా అనే దాన్ని బట్టి నిబంధనల్లో కొన్ని మార్పులు వచ్చాయి. అందులోకి నేను పోను. పేరు, చదువు, సంతకం ఉన్నాయా అని మీరు చూడండి చాలు. మా అత్త రిపోర్టు మీద ఒక గీత ఉంది. అది సంతకమో, పెన్ను పడుతుందో లేదో చూసుకున్న గీతో నాకిప్పటికీ తెలియదు.

రేపు వచ్చేటప్పుడు మీ ఇళ్ళలో దాచుకున్న పాత చీటీలు, రిపోర్టులు తీసుకురండి. జబ్బు సంగతి ఎవరికీ చెప్పనక్కర లేదు. పై భాగం మడిచి పట్టుకోండి. కింద పేరు, నంబరు, సంతకం మాత్రం చదువుదాం. సిస్టరమ్మ కూడా వస్తానంది. ఊరి బాబాయ్‌ను కూడా పిలిచాను. వస్తాడో రాడో చూద్దాం.