చేవెళ్ల దారిలోని మఱ్ఱులు

హైదరాబాదునుండి వికారాబాదు వైపు వెళ్ళు యాత్రికులు చిలుకూరు బాలాజీని దర్శించి, గండిపేట చెరువును చూచి, మిగిలిన దారిని వేగముగా దాటిపోవుదురు. ఆ దారియే చూడదగినదని మేము మనవి చేయుచున్నాము.

అప్పా కూడలి మొదలు మొయినాబాదు, చేవెళ్లల మీదుగా మన్నెగూడ వరకు గల సుమారు 46 కిలోమీటర్ల రహదారి మఱ్ఱిచెట్లకు పేరుపొందినది. విస్తరణకు ముందు లెక్కించగా అవి 900 పైబడి ఉండెను. మండువేసవిలో బాటసారికి మఱ్ఱియే గొడుగు. పండ్లకాలమున గోరువంకలకు, కోయిలలకు, రాత్రివేళ గబ్బిలములకు అదియే విందు.

విస్తరణలో వీనిని కొట్టివేయుదురను భయముతో వృక్షప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునలును ఆశ్రయించిరి. బాట వెడల్పు కావలెనన్నవారి మాటయు త్రోసివేయరానిది: 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకర లారీ బస్సును ఢీకొనగా 19 మంది మరణించిరి. అయినను చెట్లను నడుమ ఉంచి బాటను రెండు పాయలుగా సాగించు ఉపాయము కలదు. పెకలించి వేరుచోట నాటుదుము గదా యందురు; కొమ్మలన్నియు నరికి నాటిన మ్రాను మునుపటి నీడ నిచ్చుటకు ఎన్ని వానలు కురియవలెనో!

మీరు ఆ దారిని వెళ్ళునపుడు బండిని బాటకు దూరముగా నిలిపి, ఒక మఱ్ఱి క్రింద కొంతసేపు కూర్చుండుడు.